నల్లమ్మ చదివించిన రెండు వరుసలు

నల్లమ్మకు అక్షరాలు రావు. కాగితాలు మాత్రం వచ్చు.

అనంతపురం ఊరు దాటాక తాడిపత్రి రోడ్డు మీద ఉన్న వీరనారాయణ ట్రస్టు ఆసుపత్రిలో, క్యాజువాలిటీ వార్డుకు ఆమె పదకొండేళ్లుగా ఆయా. నేల తుడవడం, రక్తం అంటిన గుడ్డలు ఎత్తడం, స్ట్రెచరుకు ఒక కొస పట్టడం ఆమె పనులు. వీటికి తోడు, ఎవరూ రాతపూర్వకంగా అప్పగించని పని మరొకటి ఉండేది. సంతకం పెట్టలేని రోగి వచ్చినప్పుడు స్టాంపు ప్యాడు తీసుకుపోయి, ఆ మనిషి ఎడమ బొటనవేలిని ప్యాడుకు అద్ది, సమ్మతి పత్రం మీద ముద్ర వేయించడం. వేరుశనగ మిషన్లలో చేతులు నలిగినవాళ్లు, ఎండిన బావులు తవ్వుతుంటే రాళ్లు మీద పడ్డవాళ్లు, లారీలు గుద్దిన గొర్రెల కాపరులు ఆ ఆసుపత్రికి వచ్చే జనం. ఆమె ప్యాడు ఎండిపోయిన రోజు లేదు.

కాగితాలను ఆమె ఆకారాన్ని బట్టి పోల్చుకునేది. పైన నల్లగీత, అడుగున వేలిముద్రకు ఒంటరి పెట్టె ఉంటే అది ఆపరేషను కాగితం. గులాబీ రంగులో పలుచగా ఉంటే నెత్తురు ఎక్కించే కాగితం. పెట్టె పక్కన ఇంకో పెట్టె ఉంటే డాక్టరు వద్దన్నా ఇంటికి పోయేవాళ్లది. ఏ కాగితమైనా ముందు రోగి కళ్లకెదురుగా పట్టుకుని, అదేమిటో రెండు ముక్కల్లో చెప్పేది.

"ఇది కోసేదానికప్పా. కోస్తారు, మళ్ళీ కుడతారు. తెలిసెనా?"

తెలిసిందని తల ఊపితేనే వేలు పట్టుకునేది. ఈ నియమం ఆసుపత్రి పెట్టింది కాదు. దీనికి కారణం ఆమె మొగుడు తిప్పేస్వామి.

యాడికి దగ్గర పల్లెలో, కరువు ఏడాది, బావిని ఇంకో రెండు నిలువుల లోతుకు తవ్వుతుండగా తిప్పేస్వామి మోకాలి మీద రాయి పడింది. వేరే ఊళ్లో ఏదో ఆసుపత్రికి చేర్చారు. ఎవరో ఒకాయన వచ్చి, ఏడుస్తున్న నల్లమ్మ చేయి గుంజుకుని, ఒక కాగితం మీద వేలు వత్తించుకుని పోయాడు. ఏమిటని అడిగితే "అడ్మిషను" అన్నాడు. తెల్లారేసరికి తిప్పేస్వామికి కాలు లేదు. ఆ కాలు తీయక తప్పేది కాదేమో. వైద్యపరంగా అది సరైన నిర్ణయమే అయి ఉండవచ్చు. కానీ ఆ మాట ఆమెకు గానీ అతడికి గానీ ఎవరూ చెప్పలేదు. తిప్పేస్వామి ఆ తరువాత రెండేళ్లు నులక మంచం మీద బతికాడు. ఆ రెండేళ్లలో అతడు కోపం వచ్చినప్పుడల్లా, కొన్నిసార్లు కోపం రాకుండానే, ఒకే ప్రశ్న అడిగేవాడు.

"నువ్వే గదా వేలు పెట్టింది?"

అతడు పోయాక కూడా ఆ ప్రశ్న పోలేదు. మళ్లీ ఎవరూ తనను అలా అడగకూడదు, తన చేతి మీదుగా ఇంకొకరిని అలా అడిగే పరిస్థితి రాకూడదు. ఆమె ఉద్యోగంలో చేరింది కూలి కోసమే అయినా, ఆ ప్యాడును ఇంకొకరి చేతికి ఇవ్వకుండా పట్టుకుని ఉన్నది ఇందుకోసం.

కార్గిల్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, మార్చి నెలలో, ఆపరేషను కాగితం మారింది.

చూసేవాళ్లకు మారినట్టు లేదు. నల్లగీత అక్కడే ఉంది, పెట్టె ఒంటరిగానే ఉంది. కానీ ఆ పెట్టె ఒక వేలెడు కిందికి జరిగింది. నల్లమ్మ కొత్త కాగితాన్నీ పాత కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూసి, రెండూ తీసుకుని రికార్డుల గుమాస్తా భరత్‌కుమార్ బల్ల దగ్గరికి పోయింది.

"ఏం సార్, ఇది కొత్తదా?"

"పాతదే. ప్రెస్సోడు మళ్ళీ అచ్చేసిచ్చినాడు."

"పెట్టె కిందికి పోయింది సార్."

"పోతే పోనీ. నీ చెయ్యి అందదా ఏమి?"

"పైన రెండు వరసలు ఎక్కువుండాయి. ఏం రాసినారు?"

భరత్‌కుమార్ కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "నీకు చదువే రాదు గదా, వరసలెట్ల లెక్కబెడితివి?"

"చేన్లో సాళ్ళు లెక్కబెట్టేదానికి బడికి పోవాల్నా సార్?"

అతడు నవ్వాడు. నవ్వాడు గానీ చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేకపోతే "ఏమీ లేదు" అని ఉండేవాడు. ఆ మాట అనకుండా నవ్వి ఊరుకున్నాడంటే అందులో ఏదో ఉంది. నల్లమ్మ ఆ నవ్వును గుర్తుపెట్టుకుంది.

మూడోనాడు తెల్లకోట్లు వేసుకుని ఆరుగురు మగవాళ్లు క్యాజువాలిటీలోకి వచ్చారు. ట్రైనింగు డాక్టర్లని సూపరింటెండెంటు చెప్పాడు. నేల తుడిచే మనిషికి మొహాల కంటే ముందు కాళ్లు కనబడతాయి. ఆరు జతల బూట్లు. ఆరూ ఒకే గోధుమ రంగు, ఒకే తోలు, లేసులు ఒకే తీరుగా ముడివేసినవి.

"డాక్టర్లు ఆరుమందీ ఒకే అంగట్లో ఒకే రకం బూట్లు కొంటారా జయంతీ?" అని నర్సును అడిగింది.

"వాళ్ళ బూట్లతో నీకేం పని నల్లమ్మక్కా?"

"తుడిచేది నేను గదా."

బూట్ల తరువాత తల వెంట్రుకలు చూసింది. చెవుల పైన చర్మం కనబడేలా కత్తిరించినవి. సూపరింటెండెంటు లోపలికి అడుగుపెడితే ఆరుగురి మడమలూ ఒకేసారి కలిసేవి. అన్నిటికన్నా ఆమెకు నచ్చనిది వాళ్ల జేబుల్లోని చిన్న నోటుపుస్తకాలు. దెబ్బ ఎప్పుడు తగిలింది, దేనితో తగిలింది, ఎంత దూరం నుంచి తగిలింది, అప్పుడు పక్కన ఎవరున్నారు, ఎన్ని గంటలకు బయలుదేరారు. ప్రతి రోగినీ ఇవే అడిగి రాసుకునేవాళ్లు. మాటకు మాట స్టేషనులో అడిగే ప్రశ్నలే ఇవి. దెబ్బ కంటే దెబ్బ కొట్టినవాడి పేరు చెప్పడమే ప్రమాదమైన జిల్లాలో, ఆ ప్రశ్నలకు అర్థం ఏమిటో నల్లమ్మకు ఎవరూ వివరించనక్కరలేదు. వీళ్లు మఫ్టీ పోలీసులు. ఆమె తీర్పు ఇచ్చేసింది.

ఆ రోజు నుంచి ఆమె వేలిముద్రకు ముందు చెప్పే రెండు ముక్కలు నాలుగయ్యాయి.

"ఇది కోసేదానికి. పైన రెండు వరసలు కొత్తగా వచ్చినాయి, అవేమో నాకు తెల్దు, చెప్పేవాళ్ళు లేరు." ఆ తరువాత గొంతు తగ్గించి: "ఆ పొట్టి ఎంటికలోల్ల ముందర నోరు తెరవొద్దు. వాళ్ళు పోలీసోల్లు."

దాంతో ఆ వార్డులో వింత గాయాలు పుట్టుకొచ్చాయి. కొడవలి వేటుతో వచ్చినవాడు ఎద్దు పొడిచిందన్నాడు. తల పగిలినవాడు గడప తగిలిందన్నాడు. ఆరుగురిలో గిరి అనే పాతికేళ్లవాడు ఒకడికే తెలుగు వచ్చు, మిగతావాళ్లది హిందీ. జనం చెప్పినవన్నీ అతడే నోటుపుస్తకంలోకి ఎక్కించేవాడు. ఒకనాడు అతడు రాయడం ఆపి నల్లమ్మ వైపు తిరిగాడు.

"ఏమమ్మా, ఈ జిల్లాలో ఎద్దుల కొమ్ములు కత్తుల మాదిరి ఉంటాయా?"

"కరువు సీమ గదప్పా. అన్నీ పదునెక్కినాయి." ఆమె బకెట్టు కింద పెట్టింది. "యా ఊరు మీది?"

"రాయదుర్గం కాడ. మా యమ్మ జీన్సు ప్యాంట్లు కుట్టేకాడ పని చేస్తాది."

"పోలీసుల్లో చేరి ఎన్నేళ్ళాయ?"

గిరి ఉలిక్కిపడ్డాడు. "నేను పోలీసా? ఎవురు చెప్పినారు?"

"ఐతే ఎవురు నువ్వు?"

"ట్రైనింగుకు వచ్చినామమ్మా."

"ఎవురి ట్రైనింగు?"

అతడు నోటుపుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. నేరం ఒప్పుకున్నట్టే ఉంది అది. నల్లమ్మ బకెట్టు ఎత్తుకుని పోయింది.

ఏప్రిల్ మొదటి గురువారం, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, యాడికి వైపు నుంచి ఒక జీపు వచ్చి ఆగింది. వెంకటప్ప అనే మేస్త్రి దిగాడు. నాపరాళ్ల గనిలో కూలీలను పనిలో పెట్టేవాడు అతడే. వెనుక సీట్లో, తొడకు తడి తువ్వాలు చుట్టుకుని, ఈశ్వరప్ప పడి ఉన్నాడు. ఇరవై రెండేళ్లవాడు. తిప్పేస్వామి పల్లెవాడే, ఊరి వరసలో నల్లమ్మను పెద్దమ్మా అంటాడు. తాడిపత్రిలో ఆసుపత్రులు ఉండగా వాటిని దాటి ఇంత దూరం ఎందుకు తెచ్చారన్నది ఆమెకు కలిగిన మొదటి అనుమానం.

"జీపు మీదినుంచి పడినాడు," అన్నాడు వెంకటప్ప, ఎవరూ అడగకముందే. అని, ఈశ్వరప్ప భుజం మీద చేయి వేశాడు. "ఏమప్పా, పడినావు గదా?"

"పడినా," అని అరిచాడు ఈశ్వరప్ప. పక్కనున్న మనిషికి అంత గట్టిగా చెప్పవలసిన పని లేదు.

పేరు రాయించడానికి మేస్త్రి భరత్‌కుమార్ బల్ల దగ్గరికి పోయిన సందులో, నల్లమ్మ స్ట్రెచరు మీదికి వంగింది. "నిజం చెప్పురా."

"తూటా పేలింది పెద్దమ్మా. గనికి పర్మిషను లేదంట. చెప్తే లోపలేసేది నన్నేనంట."

రాళ్లు పగలగొట్టడానికి గనుల్లో పెట్టే పేలుడు మందును ఆ వైపు తూటా అంటారు. నల్లమ్మ చుట్టూ చూసింది. గోధుమ రంగు బూట్లు రెండు జతలు ఇటే వస్తున్నాయి.

"గమ్మునుండు. వాళ్ళు పోలీసోల్లు. పడినా అనే చెప్పు. ఇంకో మాట మాట్లాడొద్దు."

ఈశ్వరప్ప నోరు మూసుకున్నాడు. ఆ నోటికి మేస్త్రి వేసింది సగం తాళం. మిగతా సగం నల్లమ్మ వేసింది.

డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు తొడ గాయం చూసి, కుట్లు వేసి వార్డుకు పంపమన్నాడు. ఆ పని గిరికి అప్పగించి వేరే రోగి దగ్గరికి పోయాడు. సర్జను హేమలత థియేటరులో ఇంకో ఆపరేషనులో ఉంది. గిరి తొడ దగ్గర మొదలుపెట్టలేదు. చొక్కా కత్తిరించి, దుమ్మంతా తడిగుడ్డతో తుడిచాడు. ఎడమ చెంప మీద, మోచేతి మీద, చర్మంలో దిగబడిన నల్లటి చుక్కలు కనబడ్డాయి. ఎడమ చెవి దగ్గర వేళ్లతో చిటికె వేశాడు. ఈశ్వరప్ప కదలలేదు. ఎడమ డొక్కలో, చివరి పక్కటెముక దగ్గర, శనగగింజంత రంధ్రం ఒకటి ఉంది. దాని నుంచి రక్తం కూడా రావడం లేదు. గిరి నాడి పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఏదన్నా పేలిందా?"

"పడినా."

"పడితే చెవి పోతాదా?"

"పడినా సార్."

కాగితం, ప్యాడు పట్టుకుని నల్లమ్మ అక్కడే నిలబడి ఉంది. గిరి ఆమె దగ్గరికి వచ్చాడు. గొంతులో తొందర ఉంది.

"అమ్మా, ఈయప్ప నీకు తెలిసినోడు. ఇది పేలుడు. పడితే ఆ బొక్క ఉత్త గీరుడు. పేలింటే మాత్రం కడుపులో ఏదో దిగింది, లోపల్లోపల నెత్తురు పోతాండాది. నాడి జారిపోతాండాది. డాక్టరమ్మను థియేటరులోనుంచి పిలవాలంటే నాకు ఒక్క మాట కావాల. ఇట్లాటివి నేను కొండల్లో చూసినా."

"యా కొండల్లో?"

ఆ ప్రశ్న అంత వేగంగా వస్తుందని గిరి అనుకోలేదు. వెనక్కి తిరిగి చూశాడు. సూపరింటెండెంటు లేడు.

"నేను మిలిటరీ అమ్మా. డాక్టరును కూడా కాదు. దెబ్బ తగిలినోల్లకు కట్లు కట్టి, ప్రాణం పోకుండా కిందికి మోసుకొచ్చేవాన్ని. యుద్ధం లేనప్పుడు మాకు చెయ్యి తిరగాల గదా, అందుకే ఇట్లాటి ఆసుపత్రులకు పంపించి నేర్పిస్తారు. ఇక్కడోల్లే చెప్పొద్దన్నారు."

"ఎందుకు చెప్పొద్దన్నారు?"

"మిలిటరీ అంటే జనం భయపడతారని."

"చెప్పకపోతే భయపడ్లేదా?"

సైనికుడికి గాయం కట్టడం నేర్పాలనుకోవడంలో తప్పేమీ లేదు. నేర్చుకోవడానికి సరిపడా గాయాలు ఏ జిల్లాలో దొరుకుతాయని వెతికితే ఈ జిల్లా తేలడం మీద అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయి, కానీ వాటికి జవాబు చెప్పవలసినది గిరి కాదు. గాయం ఎవరిదో వాళ్లను ఒక్క మాట అడగాలన్న ఆలోచన, జిల్లాను ఎంచిన దగ్గర నుంచి కాగితం అచ్చువేసిన దాకా, ఏ ఒక్కరికీ రాలేదు.

నల్లమ్మ చేతిలోని కాగితం అతడి ముందు పెట్టింది. "మిలిటరీ అంటాండావు, నమ్మేదెట్ల? ఈ పెట్టె పైన రెండు వరసలు చదువు. నువ్వెవురో దాంట్లో ఉంటాది."

"అమ్మా, టైము లేదు."

"బిరీన చదువు."

గిరి చదివాడు. మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా.

"'ఈ ఆసుపత్రికి శిక్షణ నిమిత్తము వచ్చిన బయటి సిబ్బంది నా శరీరముపై చికిత్స జరుపుటకును, తద్వారా కలుగు ఏ నష్టమునకైనను ఆసుపత్రి బాధ్యత వహింపదనుటకును, నేను పూర్తిగా తెలిసికొని సమ్మతించుచున్నాను.'"

ఆఖరి మాటలు దాటాక అతడు తలెత్తలేదు. "నాకు తెల్దమ్మా. జనాన్ని అడిగినాము, ఒప్పుకున్నారు అని చెప్పినారు మాకు."

నల్లమ్మకు అతడి మాట వినబడలేదు. 'పూర్తిగా తెలిసికొని' అన్న దగ్గరే ఆమె ఆగిపోయింది. మూడు వారాలుగా ఆ ప్యాడుకు అద్దిన వేళ్లన్నీ ఆమె కళ్ల ముందుకు వచ్చాయి. బీడీలు చుట్టి పచ్చబడినవి, గోరు లేనివి, వణికేవి. తనకు తెలియదని వాళ్లకు చెప్పిన మాట నిజమే. చెప్పి కూడా వేలు పట్టుకుని వత్తించిందన్నది కూడా నిజమే. ఏళ్ల కిందట తన చేయి గుంజుకుని "అడ్మిషను" అన్న మనిషికీ తనకూ ఇప్పుడు తేడా ఎంత?

స్ట్రెచరు మీద ఈశ్వరప్ప దాహమన్నాడు. అరుపు లేదిప్పుడు, గొంతు సన్నబడింది.

ఆమె అతడి కుడి చెవి వైపుకు పోయి వంగింది. "ఒరే, విను. నేను తప్పు చెప్పినా. ఈయప్ప పోలీసు కాదు, సిపాయి. గాయాలు బాగుచేసేది నేర్చుకునేదానికి వచ్చినాడు. నీ మీద చెయ్యి పెట్టాలంటే నువ్వు ఒప్పుకోవాల. వద్దంటే డాక్టరమ్మ ఒకతే చూస్తాది. కానీ ఎట్ల తగిలిందో చెప్పకపోతే నువ్వు బతకవంటాండాడు."

ఈశ్వరప్ప గిరిని కింది నుంచి పైకి చూశాడు. "వీనికి చేతనవుతాదా పెద్దమ్మా?"

"అయ్యేది చేస్తా," అన్నాడు గిరి. "కానిది డాక్టరమ్మకు వదిలేస్తా."

"ఐతే చెయ్యనీ." కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "రెండు తూటాలు పెట్టినాము. ఒకటే పేలింది. రెండోది ఎందుకు పేలలేదో చూడుపో అన్నాడు మేస్త్రి. వంగినా, అంతే."

గిరి పరుగెత్తబోయాడు. నల్లమ్మ అతడి కోటు పట్టుకుంది.

"ఆగు. పెన్నుండాదా? నువ్వు చెయ్యి పెట్టేదానికి ఒప్పుకున్నాడు వీడు. నష్టమొస్తే ఆసుపత్రికి సంబంధం లేదు అనేదానికి ఒప్పుకోలేదు. ఆ ముక్క కొట్టేయ్."

గిరి ఒక్క గీతతో కొట్టేశాడు. ఆమె వేలు అద్దించింది. అతడు అప్పటికే థియేటరు తలుపు దగ్గర ఉన్నాడు.

హేమలత వచ్చి చూసి రెండో మాట లేకుండా బల్ల ఎక్కించింది. కడుపు తెరిస్తే రక్తం నిండి ఉంది. గోరంత నాపరాయి ముక్క ప్లీహాన్ని చీల్చింది. వార్డుకు పంపి ఉంటే సాయంత్రానికి శవమయ్యేవాడని ఆమె గిరితో అంటుండగా నల్లమ్మ నేల తుడుస్తూ విన్నది. వెంకటప్ప కోసం చూస్తే జీపు లేదు.

ఈశ్వరప్ప బతికాడు. బతికినందుకు అతడి మీద కేసు అయింది.

పేలుడు గాయమని తేలితే ఆసుపత్రి పోలీసులకు కబురు పంపాలి, పంపింది. రెండోనాడు ఉదయం ఆ సంగతి తెలిసి, నల్లమ్మ సామాను గది దగ్గర గిరిని పట్టుకుంది.

"పోలీసు కాదంటివి గదప్పా. నీకు చెప్పిన మాట తిన్నగా పోలీసోల్ల కాడికే పోయెనే?"

"నేను పంపలేదమ్మా. రూలది."

"రూలుండాదని అప్పుడు చెప్తివా?"

"ప్రాణం దక్కింది గదా."

"దక్కింది. లేదనలే. అదీ నిజమే, ఇదీ నిజమే."

అదే రోజు స్టేషను నుంచి రైటరు వచ్చాడు. కాగితాలు రాసే కానిస్టేబులును అలా పిలుస్తారు. ఈశ్వరప్ప ఇంకా మాట్లాడే స్థితిలో లేడు కనుక, అతడి నోట మొదట విన్న మనిషిగా నల్లమ్మ ఫిర్యాదు కావాలన్నాడు. బెంచీ మీద కూర్చుని ఆమెను పది మాటలు అడిగి, రెండు పేజీలు రాసి, కాగితం ఆమె ముందుకు జరిపాడు.

"వేలెయ్యమ్మా."

"చదువు సార్."

"చదివేదేముంది, నువ్వు చెప్పిందే గదా రాసినా."

"నేను చెప్పిందే ఐతే చదివేదానికి కష్టమేముండాది?"

ఫిర్యాదును చెప్పినవారికి చదివి వినిపించాకే సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోవాలని చట్టం చెబుతుంది. రైటరుకు ఆ సెక్షను తెలుసు. నల్లమ్మకు తెలియదు. తెలియకపోయినా దాన్ని అమలు చేయించినది ఆమే.

"నాకు వేరే పనుండాది. నీకు చదివి చెప్పే ఓపిక నాకు లేదు," అన్నాడు రైటరు.

"ఓపికున్నోడు ఈడుండాడు." ఆమె తిరిగి చూసింది. గిరి గోడ దగ్గర, తక్కిన ఐదుగురితో ఉన్నాడు. ఊరి గొడవల్లో, పోలీసు వ్యవహారాల్లో తలదూర్చకూడదని వాళ్లకు ఉత్తర్వు. ఆదివారంతో వాళ్ల ట్రైనింగు ముగుస్తుంది. నల్లమ్మ కాగితం చాచింది. "రాప్పా. ఒకసారి చదివినావు, ఇంకోసారి చదువు."

గిరి కదలలేదు. పక్కవాడు హిందీలో ఏదో గొణిగాడు. ఆమె చేయి చాచే ఉంచింది. వార్డంతా చూస్తోంది. చివరికి ఒక జత గోధుమ రంగు బూట్లు వరుస నుంచి విడివడి ముందుకు వచ్చాయి.

గిరి చదివాడు. 'పై ఈశ్వరప్ప, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, తనంతట తాను లైసెన్సు లేని మందుగుండు తెచ్చుకుని...'

"నిలుపు," అంది నల్లమ్మ. "తనంతట తాను అని నేనన్నానా?"

"లేదు," అన్నాడు గిరి.

"వెంకటప్ప పేరు యాడుండాది?"

గిరి రెండు పేజీలూ తిరగేశాడు. "లేదమ్మా."

"వెంకటప్ప జీపులో తెచ్చినాడు. ఎవురూ అడక్కముందే పడినాడు అని చెప్పినాడు. పేలని తూటా చూడుపో అన్నది కూడా వెంకటప్పేనని ఈశ్వరప్ప చెప్తే విన్నా. సార్, నేను చెప్పినవి ఇవి. ఇవి రాస్తే వేలేస్తా. లేదంటే నీ కాగితం నువ్వు తీసుకపో."

"నన్ను బెదిరిస్తాండావా?"

"ప్యాడు మూసిపెడతాండా, అంతే."

ప్యాడు మూత టక్కుమని పడింది. రైటరు ఆమెను చూశాడు, చదివిన సిపాయిని చూశాడు, తలుపు దగ్గరకు వచ్చి నిలబడిన డాక్టరు హేమలతను చూశాడు. మళ్లీ రాశాడు. గిరి మళ్లీ చదివాడు. నల్లమ్మ ఇంకోసారి చదివించుకుంది. అప్పుడు ప్యాడు తెరిచి, జీవితంలో మొదటిసారి, తనకు పూర్తిగా తెలిసిన కాగితం మీద వేలు పెట్టింది.

మేస్త్రి మీద, గని యజమాని మీద కూడా కేసు పెట్టక తప్పలేదు. అది ఎంత దూరం పోతుందో నమ్మకంగా చెప్పగలిగినవారు ఆ ప్రాంతంలో లేరు. కొట్టేసిన గీత ఉన్న సమ్మతి పత్రం మాత్రం సూపరింటెండెంటు బల్ల మీదికి త్వరగానే చేరింది. మే ఒకటి నుంచి నల్లమ్మను బట్టలుతికే విభాగానికి మార్చారు. ప్యాడు ఇప్పుడు వేరే ఆయా దగ్గర ఉంది. పెట్టె పైన రెండు వరుసలు అలాగే ఉన్నాయి.

ఈశ్వరప్పను ఇంటికి పంపేనాడు అతడు గోడ పట్టుకుని నడుస్తూ వెనుక వైపుకు వచ్చాడు. నల్లమ్మ తీగ మీద దుప్పట్లు ఆరేస్తోంది. అతడి మొహం ప్రసన్నంగా లేదు.

"పెద్దమ్మా, స్టేషనులో కాగితం మీద నీ వేలుండాదంట. ఊళ్ళో చెప్పుకుంటాండారు. నా మీద కేసు పెట్టిన కాగితం." కళ్లలో నీళ్లు, అనుమానం రెండూ ఉన్నాయి. "నువ్వే గదా వేలు పెట్టింది?"

ఆమె చేతిలోని తడి దుప్పటి నీళ్లు కారుస్తూ ఉండిపోయింది. చట్టం ప్రకారం ఫిర్యాదు ప్రతిని ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. ఎవరూ ఇవ్వలేదు. ఆ లోటు ఆమెకు తెలియలేదు. దుప్పటి తీగ మీద వేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, అతడి కుడి చెవి వైపుకు వచ్చి నిలబడింది.

"నేనే. ఏం రాసిండాదో విను," అని, విన్నది విన్నట్టుగా, ఒక్క మాట జారిపోకుండా మొదలుపెట్టింది. "'నా పేరు నల్లమ్మ. భర్త తిప్పేస్వామి, లేడు. ఏప్రిల్ నెల గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు, వెంకటప్ప అను మేస్త్రి జీపులో...'"